956-117: పొదుపు చేసి గెలిచిందా, పరుగెత్తి గెలిచిందా?

గ్రూప్ సి (1980ల్లో సుదీర్ఘ పందేల కార్ల తరగతి) రోజుల మీద ఈమధ్య చదివిన ఒక వ్యాసం 1984, 1985 లె మాన్ (ఫ్రాన్స్‌లో జరిగే ఇరవై నాలుగు గంటల కారు పందెం) పందేలను రెండు వాక్యాల్లో తేల్చేసింది. మొదటి ఏడాది పోర్షే ఫ్యాక్టరీ జట్టు రానే లేదు కాబట్టి ఆ గెలుపు లెక్కలోకి రాదట. రెండో ఏడాది జరిగింది పందెమే కాదట, పెట్రోలు పొదుపు పరీక్షట. ఆ రెండేళ్లూ గెలిచింది ఒకే కారు. ఒకే మోడల్ అని కాదు నేననేది, అదే ఛాసిస్, అంటే అదే చట్రం: పోర్షే 956-117. 956 మోడల్ పేరు, 117 చట్రం నంబరు. పసుపు రంగు ఒళ్లు, దాని మీద ‘న్యూ మాన్’ అనే బట్టల కంపెనీ పేరు, 7వ నంబరు. నడిపింది ఫ్యాక్టరీ కాదు, రైన్‌హోల్డ్ యోస్ట్ అనే మాజీ డ్రైవర్ పెట్టుకున్న ప్రైవేటు జట్టు.

ఒకే ఛాసిస్ లె మాన్‌ను రెండుసార్లు గెలవడం ఎంత అరుదో ఆ పందెం చరిత్ర తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 1929, 1930లో బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’, 1968, 1969లో ఫోర్డ్ జీటీ40 1075, తర్వాత ఇది. ఇరవై నాలుగు గంటలు నలిగిన కారును విప్పి, మళ్లీ బిగించి, ఏడాది తర్వాత కొత్త కార్ల మీదికి తీసుకెళ్లి గెలిపించడం మామూలు పని కాదు. అదే యోస్ట్ జట్టు 1996, 1997లో టీడబ్ల్యూఆర్-పోర్షే డబ్ల్యూఎస్‌సి-95తో ఈ పని మళ్లీ చేసి చూపించింది. కాబట్టి అదృష్టం అనే మాటను ముందే పక్కన పెడదాం.

‘పొదుపు పరీక్ష’ అనే మాట మీదే నా అభ్యంతరమంతా. గ్రూప్ సిలో పెట్రోలు రేషన్ పందేనికి అడ్డం పడలేదు, పందెం జరిగింది దాని మీదే. వేగంగా నడపడం, తక్కువ పెట్రోలుతో నడపడం అనేవి వేర్వేరు విద్యలని అనుకున్నంతకాలం 1985 లె మాన్ అర్థం కాదు. ఒక లీటరుకు ఎన్ని సెకన్లు ఖర్చవుతాయో, ఆ లీటరును ట్రాక్ మీద ఎక్కడ మిగిల్చితే నష్టం తక్కువో తెలిసినవాడే ఆ రోజుల్లో వేగమైనవాడు.

రేషన్ లెక్క

1982లో గ్రూప్ సి మొదలైనప్పుడు నిబంధన సూటిగా ఉండేది. కారు బరువు కనీసం 800 కిలోలు, ట్యాంకు 100 లీటర్లకు మించకూడదు, 1,000 కిలోమీటర్ల పందేనికి మొత్తం 600 లీటర్లు. ఇంజను ఎంత పెద్దదైనా, ఎన్ని సిలిండర్లున్నా, టర్బో ఉన్నా లేకపోయినా అభ్యంతరం లేదు. లె మాన్‌కు ఇచ్చింది 2,600 లీటర్లు, అంటే ఇరవై ఆరు ట్యాంకులు. ప్రతి పిట్‌స్టాప్‌లో ఎంత పోశారో అధికారులు లెక్క రాసుకునేవారు.

1984లో ఈ కోటాను 15 శాతం కోస్తామని ఫీసా (కారు పందేల అంతర్జాతీయ పాలక సంస్థ) ముందే చెప్పింది. ఆ కోతకు తగ్గట్టు పోర్షే ఇంజను సిద్ధం చేసుకుంది. తీరా సీజను ముంగిట్లో ఫీసా వెనక్కి తగ్గి కోతను వాయిదా వేసింది. ఆ కోపంతోనే ఫ్యాక్టరీ జట్టు ఆ ఏడాది లె మాన్‌ను బహిష్కరించింది. కోత 1985లో అమల్లోకి వచ్చింది: 1,000 కిలోమీటర్లకు 510 లీటర్లు, లె మాన్‌కు 2,210 లీటర్లు.

ఇప్పుడు దూరాలు చూడండి. 1983లో ఫ్యాక్టరీ 956 గెలిచినప్పుడు నడిచిన దూరం దాదాపు 5,048 కిలోమీటర్లు, చేతిలో 2,600 లీటర్లు. 1985లో 956-117 నడిచింది 5,088 కిలోమీటర్లు, చేతిలో 2,210 లీటర్లు. అంటే 390 లీటర్లు తక్కువ ఇస్తే 40 కిలోమీటర్లు ఎక్కువ నడిచింది. సగటు వేగం గంటకు 210 నుంచి 212 కిలోమీటర్లకు పెరిగింది. ట్రాక్ రెండేళ్లూ ఒకటే, 13.626 కిలోమీటర్లు. వంద కిలోమీటర్లకు యాభై ఒకటిన్నర లీటర్లు తాగే పని నలభై మూడున్నరకు దిగింది. ఈ అంకెలు ఎదురుగా ఉండగా దాన్ని పాకుడు పందెం అనడం ఎలా కుదురుతుంది?

1984 గెలుపు విలువ తక్కువ అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. ఫ్యాక్టరీ కార్లు లేని మాట వాస్తవం. అయినా ఆ ఏడాది పోల్ పొజిషన్ (క్వాలిఫైయింగ్‌లో మొదటి స్థానం) తీసుకున్న లాన్చియా ఎల్‌సి2లు వచ్చాయి, ఇతర ప్రైవేటు జట్ల 956లు డజను దాకా వచ్చాయి. వాటి మధ్య ఆన్రి పెస్కారోలో, క్లౌస్ లుడ్విగ్ ఇద్దరే ఇరవై నాలుగు గంటలూ పంచుకుని గెలిచారు. అయినా ఆ వాదన కోసం పట్టుబట్టను. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ 956 తర్వాతి మోడలైన సరికొత్త 962సిలతో వచ్చింది, అదే పాత 117 దాన్ని ఓడించింది. అనుమానం తీరడానికి అంతకంటే ఏం కావాలి?

ఒక లీటరుకు ఎన్ని సెకన్లు

పొదుపు అనగానే అందరికీ తోచేది వేగం తగ్గించడం. అసలు పొరపాటు అక్కడే. ఎక్కడ తగ్గిస్తే ఎంత పోతుందో ఉజ్జాయింపుగా లెక్క వేసి చూద్దాం.

956 ఇంజను దాదాపు 650 హార్స్‌పవర్ ఇస్తోందనుకుందాం, అంటే 480 కిలోవాట్లకు కాస్త అటూఇటూ. టర్బో ఇంజను నిండు బూస్ట్‌లో (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) ఒక కిలోవాట్-గంటకు 300 గ్రాముల పెట్రోలు తాగుతుందనుకుంటే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్న ప్రతి సెకనుకూ 53 మిల్లీలీటర్లు మాయమవుతాయి. 2,210 లీటర్లను 373 ల్యాపులకు పంచితే ల్యాపుకు 5.9 లీటర్లు. అంటే ల్యాపు మొత్తమ్మీద నిండుగా తొక్కగలిగేది నూట పది సెకన్లు. లె మాన్‌లో మామూలుగా తొక్కబుద్ధయ్యేది అంతకంటే బాగా ఎక్కువ.

మొదటి దారి: ముల్సాన్ స్ట్రెయిట్ మీద గరిష్ఠ వేగాన్ని 350 నుంచి 330కి తగ్గించడం. షికేన్లు (వేగం తగ్గించడానికి పెట్టే వంకర మలుపులు) రాకముందు అది ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు. చివరి రెండు కిలోమీటర్లలో ఈ తేడా పాటిస్తే కలిసొచ్చేది 120 మిల్లీలీటర్లు, పోయేది సెకనుంపావు. లీటరుకు పది సెకన్ల ధర. చాలా ఖరీదు.

రెండో దారి: వేగం అలాగే ఉంచి, బ్రేకు తొక్కాల్సిన చోటుకు ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడం. గంటకు 340 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధమే పెద్ద బ్రేకు. కాలు తీసి రెండు వందల మీటర్లు ఊరికే దొర్లనిస్తే వేగం దానంతట అదే 290కి పడిపోతుంది, ఆ తర్వాత బ్రేకు తొక్కాల్సిన దూరం కూడా తగ్గుతుంది. నిండుగా తొక్కుతూ వచ్చి ఆఖరి క్షణంలో బ్రేకు వేసేవాడితో పోలిస్తే దీనివల్ల మిగిలేది 80 మిల్లీలీటర్లు, పోయేది సెకనులో ఎనిమిదో వంతు. లీటరుకు సెకనున్నర ధర. మొదటి దారి కంటే ఆరేడు రెట్లు చవక. పైగా బ్రేకులు చల్లగా ఉంటాయి, డిస్కులు పగలవు, ప్యాడ్లు ఇంకో రెండు గంటలు ఆగుతాయి.

ఇలా ల్యాపులో ఐదు చోట్ల చేస్తే 0.4 లీటరు మిగులుతుంది, 0.6 సెకను పోతుంది. ఇరవై నాలుగు గంటలకు అది 150 లీటర్లు, నాలుగు నిమిషాల లోపు. ఆ 150 లీటర్లు పోయించుకోవడానికి పట్టే పిట్ సమయాన్ని కూడా తీసేస్తే అసలు నష్టం ఇంకా తగ్గుతుంది. ఇవి నేను కాగితం మీద వేసిన లెక్కలు. కారు సెట్టింగులను బట్టి అటూఇటూ అవుతాయి కానీ నిష్పత్తి మారదు. బయటి నుంచి చూసేవాళ్లకు డ్రైవర్ కాలు ఎత్తిన సంగతి ఇంజను మోత ఆగినప్పుడే తెలుస్తుంది. ‘పాకుతున్నారు’ అనే మాట ఆ మౌనాన్ని విని పుట్టింది. ఆ క్షణంలో కారు గంటకు మూడు వందల మీదే ఉంది.

కాలు ఎత్తడంలోనూ నేర్పుంది. మరీ ముందే ఎత్తితే ధర ఇట్టే పెరుగుతుంది. మొదటి వంద మీటర్లు దాదాపు ఉచితం, మూడు వందలు దాటితే దండగ. ప్రతి మలుపుకూ ఈ దూరం వేరు, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకటి. వెనక ఇంకో కారు ముక్కు ఆనించి వస్తుంటే ముందుగా కాలు ఎత్తడం ప్రమాదం కూడా. రాత్రి మూడింటికి, వానలో, ప్రతి మూడున్నర నిమిషాలకోసారి దీన్ని సరిగ్గా చేయడం డ్రైవింగ్ కాకపోతే ఇంకేమిటి?

పిస్టన్ పైన

మిగతా లీటర్లు ఇంజను నుంచి రావాలి. 956లోది 2.65 లీటర్ల ఫ్లాట్-సిక్స్ (అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు అడ్డంగా పడుకున్న ఇంజను), రెండు టర్బోలు, సిలిండర్లకు గాలి చల్లదనం, హెడ్లకు నీళ్ల చల్లదనం. ఇండియానాపొలిస్ కోసం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టు నుంచి వచ్చిన ఇంజను అది. నోర్బర్ట్ సింగర్ దాని చుట్టూ కట్టింది పోర్షే తొలి అల్యూమినియం మోనోకాక్ (రేకు పెట్టే చట్రంగా పనిచేసే నిర్మాణం). ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి వెనక వైపు కాస్త పైకి వంచి బిగించారు, కింద గాలి పోయే సొరంగాలకు చోటు కోసం. ఈ సంగతులు చాలాచోట్ల రాశారు కనుక పెంచను.

పొదుపుకు సంబంధించిన అసలు విషయం నాకింగ్. టర్బో ఇంజనులో బూస్ట్ పెంచితే సిలిండర్ లోపల వేడి, ఒత్తిడి పెరిగి, స్పార్కు వెలిగించకముందో వెలిగించిన వెంటనేనో మిశ్రమం దానంతట అదే భగ్గుమంటుంది. ఆ దెబ్బకు పిస్టన్ పైభాగం కరిగి చిల్లు పడుతుంది. దాన్ని ఆపడానికి పాత పద్ధతి అవసరానికి మించి పెట్రోలు పోయడం. మండకుండా ఆవిరయ్యే ఆ అదనపు పెట్రోలు లోపలి వేడిని లాక్కుంటుంది. అంటే నిండు బూస్ట్‌లో పెట్రోలులో కొంత భాగం చల్లబరచడానికే పోతుంది, కారును కదిలించడానికి కాదు. మెకానికల్ ఇంజెక్షన్ ఉన్న 1982 నాటి ఇంజనులో ఇది తప్పనిసరి. కామ్ మీద చెక్కిన ఒకే ఆకారం అన్ని పరిస్థితులకూ సరిపోవాలి, కాబట్టి ఎక్కడా చిల్లు పడకుండా అంతటా ఎక్కువే పోసేవారు.

బాష్ కంపెనీ తెచ్చిన ఎలక్ట్రానిక్ ఇంజను నియంత్రణ పెట్టె, మోట్రానిక్, ఈ పరిస్థితిని మార్చింది. ఇంజను వేగం, బూస్ట్, ఉష్ణోగ్రతలను బట్టి పెట్రోలు పరిమాణాన్నీ స్పార్కు సమయాన్నీ విడివిడిగా నిర్ణయించగలిగినప్పుడు, నాకింగ్ అంచుకు దగ్గరగా వెళ్లినా దాటకుండా ఉండొచ్చు. అప్పుడు కంప్రెషన్ నిష్పత్తి పెంచొచ్చు. మొదట 7.2 ఉన్నది 8 దాటింది. కంప్రెషన్ పెరిగితే అదే చుక్క పెట్రోలు నుంచి ఎక్కువ పని వస్తుంది, బూస్ట్ తక్కువ పెట్టినా గుర్రాలు (హార్స్‌పవర్) దక్కుతాయి. 390 లీటర్ల కోతను తట్టుకుని దూరం పెంచగలిగిన రహస్యంలో పెద్ద భాగం ఇక్కడుంది. డ్రైవర్ చేతికి అందేలా బూస్ట్ నాబ్ ఉండేది. దాన్ని ఎప్పుడు ఎంత తిప్పాలో పిట్ గోడ చెప్పేది. ట్రాఫిక్‌లోంచి బయటపడటానికి ఒక్క స్ట్రెయిట్ మీద పెంచి వెంటనే తగ్గించడం మంచి డ్రైవర్ చేసే పని. పెంచి మరిచిపోవడం చెడ్డ డ్రైవర్ చేసే పని.

ఇదే అంచు మీద నడక ఎంత ప్రమాదమో 1987లో తెలిసింది. ఆ ఏడాది లె మాన్‌లో నిర్వాహకులు ఇచ్చిన పెట్రోలు ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) జట్లు అనుకున్నంత లేదు. మోట్రానిక్ చిప్‌లో రాసిన లెక్క మంచి పెట్రోలుకు రాసింది. పందెం మొదలైన కాసేపటికే పోర్షేల పిస్టన్లు కాలిపోవడం మొదలైంది. యోస్ట్ కార్లు రెండూ, ఫ్యాక్టరీ కారు ఒకటీ అలాగే పోయాయి. మిగిలిన ఒక్క ఫ్యాక్టరీ కారుకు జాగ్రత్తగా ఉండే చిప్ మార్చారు. డెరెక్ బెల్, హాన్స్ స్టుక్, అల్ హోల్బర్ట్ దాంతోనే గెలిచారు.

1985 జూన్ 15, 16

క్వాలిఫైయింగ్‌లో రేషన్ లేదు. అక్కడ స్టుక్ ఫ్యాక్టరీ 962సిని 3 నిమిషాల 14.8 సెకన్లలో తిప్పాడు. సగటు గంటకు 251.8 కిలోమీటర్లు. లె మాన్ పోల్ సగటుల్లో ఆ అంకె 2017 దాకా నిలిచింది. వేగం గురించి ఫ్యాక్టరీకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

పందెం మొదలయ్యాక ముందు నడిచింది మాత్రం రెండు ప్రైవేటు కార్లు: యోస్ట్ 117, బ్రిటన్ నుంచి వచ్చిన రిచర్డ్ లాయిడ్ జట్టు 956. రెండోది కూడా మామూలు కారు కాదు. ఫ్యాక్టరీ రేకు మోనోకాక్ పక్కన పెట్టి, అల్యూమినియం తేనెపట్టు పలకలతో సొంతంగా కట్టుకున్న ఛాసిస్ దానిది. ఈ రెండు జట్లకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. అయినా మొదటి గంటల్లో ముల్సాన్ మీద ఒకదాని తోకకు ఒకటి అంటుకుని నడిచాయి. ముందున్న కారు గాలిని చీలుస్తుంటే వెనకది దాని నీడలో తక్కువ యాక్సిలరేటర్‌తో అదే వేగంలో వచ్చేది. తర్వాత స్థానాలు మార్చుకునేవి. లీడర్ పేరు ల్యాపుల వారీగా మారుతూ పోయింది. టైమింగ్ కాగితం మాత్రమే చూసేవాళ్లకు అది హోరాహోరీ పోరు. నిజానికి ఇద్దరు ప్రత్యర్థులు కలిసి ఫ్యాక్టరీని ఓడించే లెక్క అది. వెనక పోర్షే ఫ్యాక్టరీ కార్లు ఆ వేగాన్ని అందుకోవాలంటే తమ రేషన్ దాటాల్సి వచ్చేది.

ఈ సంఘటన నాకు అన్నింటికంటే ముఖ్యం. గాలి నీడ ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ దాన్ని వాడుకోవడానికి ప్రత్యర్థిని నమ్మాలి, ముందుండాలనే డ్రైవర్ అహాన్ని కాసేపు ఆపాలి, నీడలో ఉన్నప్పుడు రేడియేటర్లకు గాలి తగ్గి ఉష్ణోగ్రత ఎక్కకుండా కాసేపటికోసారి పక్కకు జరగాలి. నిబంధన పుస్తకం ఏ మూలా ఇది చేయమని చెప్పలేదు. రేషన్ ఉంది కాబట్టి ఇలాంటి ఆలోచన పుట్టింది.

యోస్ట్ డ్రైవర్లు క్లౌస్ లుడ్విగ్, పాస్తా కుటుంబానికి చెందిన పావొలో బరిల్లా, ‘జాన్ వింటర్’. ఆ మూడో ఆయన అసలు పేరు లూయీ క్రాగెస్, కలప వ్యాపారి. కారు పందేలు ఆడుతున్నట్టు ఇంట్లో తెలియకుండా ఆ మారుపేరు పెట్టుకున్నాడు, ఈ గెలుపుతో అది బయటపడింది. ముగ్గురిలో వృత్తి డ్రైవర్‌గా పేరు మోసినవాడు లుడ్విగ్ ఒక్కడే. లాయిడ్ కారు మూడు ల్యాపుల వెనక రెండోది, స్టుక్, బెల్ నడిపిన ఫ్యాక్టరీ కారు మూడోది.

ఎదుటివాళ్లు చెప్పేది

రేషన్ మీద ఉన్న ఫిర్యాదుల్లో కొన్ని గట్టివి, వాటిని దాటేసి పోలేం.

1982 సిల్వర్‌స్టోన్ మొదటిది. 956కు అదే తొలి పందెం. ఆరు గంటల పందేనికి నిర్వాహకులు ఇచ్చింది 1,000 కిలోమీటర్ల కోటా. ఆరు గంటల్లో 956 నడవగలిగేది 1,100 పైమాటే. దాని డ్రైవర్లు జాకీ ఇక్స్, బెల్ వేగం కావాలని తగ్గించుకుని నడపాల్సి వచ్చింది. రేషన్ వర్తించని పాత తరగతి, గ్రూప్ సిక్స్‌కు చెందిన లాన్చియా గెలిచింది. ఇది చూసి ప్రేక్షకులు పెదవి విరిచారంటే తప్పు పట్టలేం. కానీ ఇక్కడ దోషం కాలాన్నీ దూరాన్నీ కలగాపులగం చేసిన నిర్వాహకులది, ఒకే పందెంలో రెండు నిబంధనల కార్లను ఒకే మొదటి స్థానానికి పోటీ పెట్టినవాళ్లది.

రెండో ఫిర్యాదు మోట్రానిక్ గురించి. 1983లో ఆ వ్యవస్థ ఫ్యాక్టరీ కార్లకు దక్కింది, డబ్బు పెట్టి 956 కొనుక్కున్న కస్టమర్లకు మరుసటి ఏడాది దాకా దక్కలేదు. రేషన్ పందెంలో ఎలక్ట్రానిక్స్ అంటే పెట్రోలు. అంటే అమ్మేవాడు కొనేవాడి కంటే పెద్ద ట్యాంకు పెట్టుకున్నట్టే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఇది న్యాయం కాదు. అయితే ఆ పెట్టె అందిన కొద్దికాలానికే యోస్ట్ జట్టు దాని లెక్కలను తమ అవసరానికి తామే దిద్దుకునే స్థాయికి చేరి అమ్మినవాడినే ఓడించింది.

మూడోది, చూసేవాడికి కనిపించకపోవడం. ఇది నాకు అన్నింటికంటే బరువైనది. ఏ కారు దగ్గర ఎన్ని లీటర్లున్నాయో స్టాండ్లలో ఉన్నవాళ్లకు తెలియదు. ముందున్నవాడు నిజంగా ముందున్నాడో, అప్పు మీద నడుస్తున్నాడో తెలియకుండా పందెం చూడటం కష్టమే. ఆఖరి అరగంటలో లీడర్ ఎందుకు నెమ్మదించాడో మర్నాడు పేపర్లో చదవాల్సి రావడం బాధాకరమే. కానీ అది చూపించే సాధనాల కొరత. అప్పటికి లేవు, ఇప్పుడున్నాయి.

‘అలాంటి పందేలు చప్పగా ఉంటాయి’ అన్నవాళ్లకు 1988 లె మాన్ చాలు. కోటా అప్పటికి 2,550 లీటర్లు. ఒకవైపు టర్బో లేని ఏడు లీటర్ల వి12 జాగ్వార్, ఇంకోవైపు మూడు లీటర్ల టర్బో ఫ్లాట్-సిక్స్ పోర్షే. మొదటి సాయంత్రం పోర్షేలో ఉన్న లుడ్విగ్ ఆఖరి చుక్క దాకా వాడుకుందామని ఒక ల్యాపు ఎక్కువ బయట ఉండిపోయి, పెట్రోలు అయిపోయి, స్టార్టర్ మోటారు మీద కారును ఈడ్చుకుంటూ పిట్‌లోకి వచ్చాడు. ల్యాపులు పోయాయి. అక్కడి నుంచి రాత్రంతా, మర్నాడంతా తరిమి, చివరికి అదే ల్యాపులో రెండున్నర నిమిషాల దూరంలో ఆగింది ఆ పోర్షే. జాగ్వార్ గేర్‌బాక్సు పాడైపోతుంటే యాన్ లామర్స్ గేరు మార్చకుండా నాలుగో గేరులోనే ముగించాడు. 5,332 కిలోమీటర్లు నడిచారు. ఆ పందేన్ని చప్పన అన్నవాళ్లు నాకింకా తారసపడలేదు.

ఆ ఏడాదే డబ్ల్యూఎం-ప్యుజో కారు ముల్సాన్ మీద గంటకు 405 కిలోమీటర్లు కొట్టింది. రేషన్ ఎవరి వేగాన్నీ ఆపలేదు. కావాలంటే అంతా వేగానికే తగలెయ్యొచ్చు. వాళ్లు అదే చేశారు, పందెం పూర్తి చేయలేదు.

ఏడు లీటర్ల వి12, ఐదు లీటర్ల టర్బో వి8, మూడు లీటర్ల ఫ్లాట్-సిక్స్, రోటరీ. ఇన్ని రకాల ఇంజన్లు ఒకే గీత మీద నిలబడి, ఎవరి మీదా అదనపు బరువు వేయకుండా, ఎవరి గుర్రాలూ కోయకుండా పోటీపడిన కాలం మోటారు పందేల్లో ఇంకొకటి నాకు కనిపించదు. అందరికీ ఒకే పెట్రోలు, ఎలా కాల్చుకుంటారో మీ ఇష్టం. ఇంతకంటే సరళమైన సమానత్వం లేదు. 1991లో 3.5 లీటర్ల కొత్త సూత్రం తెచ్చి, ఆ ఇంజన్లకు రేషన్ ఎత్తేసి, పాత కార్ల మీద బరువులు వేశారు. ఖర్చు ఆకాశానికి వెళ్లింది, 1992తో ఛాంపియన్‌షిప్ ముగిసింది. రేషన్ తీసేయడం వల్లే అంతా కూలిందని అనను, ఇంజన్ల ధరే పెద్ద కారణం. కానీ తీసేసినందువల్ల దక్కిన మేలు ఏమిటో ఎవరూ చూపించలేదు.

1986, ఆ కారు ఆఖరి ప్రయత్నం

117 మూడోసారి కూడా లె మాన్‌కు వచ్చింది. రాత్రి దాకా మొదటి స్థానం కోసం ఫ్యాక్టరీ కారుతో పోరాడింది. తర్వాత ముల్సాన్ మీద క్రెమర్ జట్టు 962సి ప్రమాదానికి గురై యో గార్ట్నర్ చనిపోయాడు. సేఫ్టీ కార్లు (ప్రమాదమప్పుడు అందరినీ వెనక నెమ్మదిగా నడిపించే కార్లు) రెండు గంటలకు పైగా ట్రాక్ మీదే ఉన్నాయి. ఆ తర్వాత 117 ఇంజను పోయింది, దానితో మూడో గెలుపు ఆశ పోయింది.

ఒక మనిషి పోయిన రాత్రి గురించి పెట్రోలు భాషలో మాట్లాడటం ఇబ్బందిగానే ఉంటుంది. 956లో డ్రైవర్ పాదాలు ముందు ఇరుసు కంటే ముందుండేవని, దాన్ని సరిచేయడానికే వీల్‌బేస్ 2,650 నుంచి 2,770 మిల్లీమీటర్లకు పెంచి 962 కట్టారని గుర్తుచేయకపోతే ఈ కారును పొగడటం న్యాయం కాదు. 1985 సెప్టెంబరు 1న స్పాలో స్టెఫాన్ బెలోఫ్ చనిపోయింది 956లోనే.

కానీ రేషన్ వాదనకు ఆ రాత్రి ఒక నిజమైన చిక్కు తెచ్చింది. సేఫ్టీ కారు వెనక గంటలకొద్దీ నెమ్మదిగా నడిస్తే అందరికీ వందల లీటర్లు మిగిలిపోతాయి. అప్పటిదాకా జాగ్రత్తగా ఖర్చుపెట్టినవాడి కష్టం వృథా, దుబారా చేసినవాడికి బహుమానం. పచ్చజెండా మళ్లీ ఊపాక ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు. దీనికి ఆ రోజుల్లో పరిష్కారం లేదు. ఇప్పుడు ఉంది. కారులో ఖర్చయ్యే శక్తిని సెన్సర్లు ఎప్పటికప్పుడు పంపుతున్నాయి. సేఫ్టీ కారు వెనక నడిచిన ప్రతి ల్యాపుకూ మిగిలిందని తేలినంత కోటాను అందరి ఖాతాల్లోంచీ సమానంగా కోసేయొచ్చు.

ఇప్పటి హైపర్‌కార్ (లె మాన్ పై తరగతి) పందేల్లో ప్రతి స్టింట్‌కూ (రెండు పిట్‌స్టాప్‌ల మధ్య పరుగు) ఎంత శక్తి వాడొచ్చో మెగాజూళ్లలో ఇస్తూనే ఉన్నారు. దానితోపాటు కారుకో బరువు, కారుకో గుర్రాల పరిమితి, పందెం పందేనికీ మార్పు. నేను కోరేది చిన్నది: ఆ స్టింట్ లెక్క తీసేసి ఇరవై నాలుగు గంటలకు ఒకే మొత్తం ఇవ్వండి, బరువుల సర్దుబాట్లు ఆపండి, ప్రతి కారు దగ్గర ఎంత మిగిలిందో తెర మీద అందరికీ కనబడేలా పెట్టండి. కోటా మొదటి ఏడాది ఉదారంగా ఉండాలి, రెండో ఏడాది కోత ఎంతో ముందే రాసి ఉండాలి, 1984లోలా సీజను ముంగిట్లో మాట మార్చకూడదు.